గాలికి అడ్డు, అందానికి అడ్డా?

మోటారు సైకిళ్ళ గురించి ఈవిడకెందుకు అని ముక్కున వేలేసుకోకండి. బండి నడిపేది ఎవరైనా, దిగాక వాళ్ళ మెడకి అమృతాంజనం రాసేది మనమే కనుక ఈ విషయంలో నోరు విప్పే హక్కు మనకు పుష్కలంగా ఉంది. పైగా ఈ రోజుల్లో నడిపేవాళ్ళలోనూ మనవాళ్ళు తక్కువేం లేరు.

పాతకాలపు సొగసుతో, హ్యాండిలు బాగా కిందికి దించిన బళ్ళున్నాయి చూశారూ, వాటి మీద నాకే ఫిర్యాదూ లేదు. గుండ్రటి హెడ్ లైటూ, పొడుగాటి ట్యాంకూ, నిజంగా చూడముచ్చటగా ఉంటాయి. నా ఫిర్యాదల్లా ఆ బండికి గాలి కాచే చిన్న అద్దం బిగించుకోమంటే "అబ్బే, అందం పోతుంది!" అనే మహానుభావుల మీద.

మా తమ్ముడు ఆ కోవలోవాడే. విజయవాడ నుంచి హైదరాబాదు దాకా, సుమారు 270 కిలోమీటర్లు, ఆ బండి మీద వంగి కూర్చుని వస్తాడు. దిగేసరికి మెడ పట్టేసి ఉంటుంది. వేళ్ళు తిమ్మిరెక్కి అన్నం కలుపుకోవడానికి అవస్థ పడతాడు. "అద్దం పెట్టించుకోరా" అంటే, "నీకు తెలీదక్కా! క్లాసిక్ బండికి అద్దం పెడితే పట్టుచీర మీద స్వెట్టరు తొడిగినట్టుంటుంది" అంటాడు.

ఏం, తొడుక్కోమా? డిసెంబరులో ఢిల్లీలో పెళ్ళికి వెళ్ళొచ్చిన ఏ ఆడదాన్నయినా అడగండి! చలికి వణుకుతూ నిలబడితే పట్టుచీర అందం రెట్టింపవుతుందని ఎవరూ చెప్పగా నేను వినలేదు.

అసలు ఆ హ్యాండిలు ఎందుకు కిందికి దిగిందో ఈ అందాల భక్తులు ఎప్పుడైనా ఆలోచించారా? సోకు కోసం కాదు, పందేల కోసం. వేగం రెట్టింపయితే గాలి తోపుడు రెట్టింపుతో ఊరుకోదు, నాలుగింతలవుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో ఎంత ఉంటుందో, 80 లో దానికి నాలుగు రెట్లన్న మాట. అందుకే పందెగాళ్ళు హ్యాండిలు దించుకుని, ట్యాంకుకి కరుచుకుపోయి, గాలికి దొరక్కుండా దూసుకుపోయేవారు. 1950, 60లలో లండన్‌లో ఏస్ కేఫ్ దగ్గర చేరిన కుర్రకారు వాళ్ళని చూసి తమ బళ్ళకీ అదే వేషం వేశారు. 1964లో అక్కడ రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి 250 సీసీ కాంటినెంటల్ జీటీ ఆ వేషంతోనే బజారుకొచ్చింది. అదే పేరు 2013లో మన దేశంలో మళ్ళీ పుట్టింది.

అంటే కింది హ్యాండిలూ, గాలి అద్దమూ తోబుట్టువులు. రెండూ గాలిని తప్పించుకోవడానికే పుట్టాయి. అక్కని నెత్తిన పెట్టుకుని, చెల్లెల్ని గుమ్మం తొక్కనివ్వనంటే అది ఏ సంప్రదాయం? 1973లో బి.ఎమ్.డబ్ల్యూ. వారు ఆర్90ఎస్ అనే బండికి హెడ్ లైటు చుట్టూ చిన్న తొడుగు ఫ్యాక్టరీలోనే పెట్టి అమ్మారు. 1976లో ఆర్100ఆర్‌ఎస్ వచ్చింది. దాని పెద్ద తొడుగుని ఇటలీలో పినిన్‌ఫరీనా వారి సొరంగంలో గాలి ఊది ఊది పరీక్షించి మలిచారు. దాని హ్యాండిలూ కిందికే ఉంటుంది. ఇవాళ ఆ రెండు బళ్ళనీ క్లాసిక్కులని నెత్తికెత్తుకునేది ఈ భక్తులే!

అలాగని అతి కూడా పనికిరాదు. 1950లలో పందెం బళ్ళకి ముందు చక్రం కూడా మునిగేటంత తొడుగులు వేశారు. పక్కగాలి కొడితే బండి అదుపు తప్పేది. 1957 పందేలయ్యాక వాటిని నిషేధించారు. మనకి కావలసింది అంత కాదు.

ఎంత కావాలో చెబుతాను. తమ్ముడి వాదనలో ఒక్క ముక్క మాత్రం నిజం ఉంది. వంగి కూర్చున్నవాడి బరువు మణికట్ల మీద పడుతుంది. ఓ మోస్తరు వేగంలో ఎదురుగాలి ఛాతీని ఆనుకుని ఆ బరువు కాస్త మోస్తుంది. పెద్ద అద్దం పెట్టి గాలంతా కాసేస్తే ఆ బరువు మళ్ళీ చేతుల మీదికే వస్తుంది. ఒప్పుకున్నాను. కానీ రహదారి మీద వేగం పెరిగాక ఆ గాలే వెనక్కి తోస్తుంది, హ్యాండిలు పట్టుకుని వేళ్ళాడాల్సి వస్తుంది. కనుక చిన్న అద్దం చాలు. గాలి పోటు ఛాతీ మీద తగ్గాలి, చూపు అద్దం పైనుంచి పోవాలి. అద్దం అంచు నుంచి లేచిన సుడిగాలి సరిగ్గా హెల్మెట్‌కి తగిలితే తల గిలక్కాయలా ఊగుతుంది. అందుకే ఎత్తు, వాలు మార్చుకునే వీలున్నది కొనాలి.

మామూలు బండికైతే అడ్డంగా ఉన్న కడ్డీకి అద్దం బిగిస్తారు. ఈ బళ్ళకి ఆ కడ్డీ ఉండదు, ముందు ఫోర్కు గొట్టాలకే రెండు పిడులుంటాయి. కనుక హెడ్ లైటు దగ్గరో, ఫ్రేముకో పట్టీలతో బిగించాలి. బిగించాక హ్యాండిలుని ఇటు చివరిదాకా, అటు చివరిదాకా తిప్పి చూడాలి. తీగలు నలగకూడదు, వేళ్ళు ఇరుక్కోకూడదు. పాత బండికి కొత్త కన్నాలు పెట్టొద్దన్న వాళ్ళ మాటకి నేనూ చెయ్యెత్తుతాను. పట్టీలతో బిగించింది ప్రదర్శన రోజున విప్పేసుకోవచ్చు. పాలీకార్బొనేట్ అద్దం తేలిగ్గా పగలదు గానీ గీతలు పడుతుంది. ముందు నీళ్ళతో తడిపి మెత్తటి గుడ్డతో తుడవాలి, పెట్రోలు మాత్రం తగలనివ్వకూడదు. ఇంత చేసినా హెల్మెట్ హెల్మెటే. దానికి అద్దం బదులు కాదు.

"గాలి మొహాన కొట్టకపోతే బండెందుకు, కారెక్కచ్చుగా!" అని మరో వాదన. గాలిని ఆస్వాదించడం వేరు, గాలితో కుస్తీ పట్టడం వేరు. పొద్దు వాలేవేళ చేల పక్కనించి వస్తుంటే ఛాతీకి టపటపా తగిలే పురుగుల్లో ఏం కవిత్వం ఉందో నాకు తెలీదు. గంటల తరబడి కుస్తీ పట్టినవాడు అలిసిపోతాడు. అలిసినవాడికి ఎదురుగా వచ్చే లారీ ఒక క్షణం ఆలస్యంగా కనిపిస్తుంది. ఆ ఒక్క క్షణం గురించే ఇంట్లో మనం నిద్ర మానుకుని కూర్చునేది.

బండి అందం రోడ్డు పక్కన నిలబడి చూసేవాళ్ళకి. దాని మీద కూర్చున్నవాడికి కనిపించేది స్పీడో మీటరూ, ముందున్న దారీ, అంతే. ముక్కూ మొహం తెలియని వాళ్ళ కళ్ళు చల్లబడటం కోసం మన మనిషి మెడ విరుచుకోవాలా? మీరే చెప్పండి!