ఏడో నెల ప్రయాణానికి ముందే.. రెండు గంటల పరీక్ష

ప్రతి నెలా 9వ తేదీన మా ఆసుపత్రి ఓపీ గర్భిణులతో కిటకిటలాడుతుంది. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్‌ కింద ఆ రోజు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తాం. ఆ వరుసలో తరచూ ఒకేలాంటి కార్డు నా చేతికి వస్తుంటుంది. మూడో నెలలో చేసిన షుగర్‌ పరీక్ష ‘నార్మల్‌’ అని రాసి ఉంటుంది. రెండో పరీక్ష గడి మాత్రం ఖాళీ. అమ్మాయికి ఎనిమిదో నెల. మొదటి కాన్పు కాబట్టి ఏడో నెలలోనే పుట్టింటికి వచ్చేసింది. ‘పుట్టింటికెళ్లాక అక్కడ చేస్తారులే’ అని అత్తింటి ఊళ్లో అనుకుంటారు. ‘ఒకసారి చేశారు కదా, నార్మలే కదా’ అని పుట్టింటి ఊళ్లో అనుకుంటారు. ఈ మధ్యలో అసలు పరీక్ష జారిపోతుంది.

అప్పుడు గ్లూకోజ్‌ నీళ్లు ఇస్తే పక్కనున్న తల్లి కంగారుపడుతుంది. ‘ఏటి బాబూ, ఇన్ని తీపినీళ్లు తాగిస్తే కడుపులో బిడ్డకి సుగరెక్కిపోదా?’ అని అడుగుతుంది. ఎక్కదమ్మా. ఒక పూట కడుపునిండా తినే అన్నంలోని పిండిపదార్థం ఈ 75 గ్రాముల గ్లూకోజ్‌కు తీసిపోదు. ఆ తీపిని ఒంట్లోని ఇన్సులిన్‌ ఎంతవరకు సర్దుకోగలదో చూడటమే ఈ పరీక్ష.

ఆరు గర్భాల్లో ఒకదానికి

2025 నవంబరు 14న, ప్రపంచ మధుమేహ దినం రోజున, ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణుల్లో మధుమేహంపై తొలిసారి ప్రత్యేక మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రపంచంలో ప్రతి ఆరు గర్భాల్లో సుమారు ఒకదానికి, అంటే ఏటా 2.1 కోట్ల మందికి ఈ సమస్య ఉంటోందని చెప్పింది. మన దేశం ఈ విషయంలో వెనకబడి లేదు. గర్భిణులందరికీ పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చి, 2018లో సవరించింది. మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒక పరీక్ష, 24-28 వారాల మధ్య రెండోది చేయాలి. లోపం నియమాల్లో లేదు. రెండో పరీక్ష సమయం, అమ్మాయి ఊరు మారే సమయం ఒకటే కావటంలో ఉంది.

రెండోసారి ఎందుకంటే- గర్భం ముదిరేకొద్దీ మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఇన్సులిన్‌ పనికి అడ్డుపడతాయి. మూడో నెలలో బాగున్న షుగర్‌ ఏడో నెలలో పెరగటం అందుకే. పెరిగిన గ్లూకోజ్‌ మాయ దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్‌ మాత్రం దాటదు. దాంతో బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్‌ తయారుచేస్తుంది. బిడ్డ బరువు పెరిగి కాన్పు కష్టమవుతుంది. పుట్టాక తల్లి నుంచి గ్లూకోజ్‌ ఆగిపోయినా బిడ్డ ఒంట్లో ఇన్సులిన్‌ ఎక్కువగానే ఉంటుంది. అందుకే తొలి గంటల్లో బిడ్డకు షుగర్‌ పడిపోవచ్చు. తల్లికి బీపీ పెరిగే ముప్పూ ఎక్కువే. ఇంత జరుగుతున్నా చాలామందిలో ఒక్క లక్షణమైనా కనిపించదు.

పరగడుపున రావక్కర్లేదు

పలాస జీడి కార్ఖానాల్లో పప్పు ఒలిచే మహిళకు ఒక పూట పోతే ఆ పూట కూలి పోయినట్టే. బారువ, భావనపాడు వైపు నుంచి వచ్చేవాళ్లకు ఆటోలు, బస్సులు మారాలి. ఖాళీ కడుపుతో బయల్దేరమంటే నీరసానికి భయపడి రారు. జాతీయ పద్ధతిలో ఆ ఇబ్బంది లేదు. చద్దన్నం తిని వచ్చినా, చోడి అంబలి తాగి వచ్చినా పరీక్ష చేస్తారు. గ్లూకోజ్‌ నీళ్లు తాగిన రెండు గంటలకు ఒక్కసారి రక్తం తీస్తారు. 140 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే గర్భధారణ మధుమేహమే.

కొన్నిచోట్ల పరగడుపున మొదలుపెట్టి మూడుసార్లు రక్తం తీసే పద్ధతి ఉంది. అక్కడ 92, 180, 153 అనే హద్దుల్లో ఏ ఒక్కటి చేరినా మధుమేహంగానే లెక్క. మన పద్ధతిలో పరగడుపు షుగర్‌ మాత్రమే పెరిగినవాళ్లు కొందరు తప్పిపోతారన్న విమర్శ ఉంది. అందులో నిజం లేకపోలేదు. కానీ, రేపు పరగడుపున రమ్మని పంపిస్తే అసలు తిరిగి రానివాళ్లు అంతకంటే ఎక్కువని నా అనుభవం. వచ్చిన రోజే చేయగలిగిన పరీక్షే మన తీరానికి సరిపోయే పరీక్ష.

ఉద్దానంలో ఇంకో లెక్క

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు చాలామందికి షుగర్‌ లేకుండానే వస్తోంది. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. తాగునీరు, కిడ్నీల గురించి ఇంటింటా మాట్లాడుకుంటారు. షుగర్‌ను మాత్రం ‘మనకది లేదులే’ అని పక్కన పెడతారు. నా భయమంతా అక్కడే. గర్భంలో షుగర్‌ వచ్చిన మహిళకు తర్వాతి ఏళ్లలో శాశ్వత మధుమేహం వచ్చే ముప్పు మిగతావాళ్ల కంటే చాలా రెట్లు ఎక్కువ. మధుమేహం కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఇప్పటికే ఒక ముప్పున్న ఊళ్లో ఆ తల్లికి రెండో ముప్పు తోడవుతుంది.

అందుకే ఇక్కడి గర్భిణులకు షుగర్‌తో పాటు మూత్రంలో ప్రొటీన్‌, రక్తంలో క్రియాటినిన్‌ కూడా చూడాలి. గర్భంలో క్రియాటినిన్‌ సహజంగా తగ్గుతుంది. బయట నార్మల్‌గా కనిపించే 1.0 గర్భిణిలో అనుమానించాల్సిన అంకె. కిడ్నీ పనితీరు తగ్గితే మెట్‌ఫార్మిన్‌ ఇవ్వాలా వద్దా అని ఆలోచించాలి, ఇన్సులిన్‌ మోతాదూ చూసుకోవాలి. మూత్రంలో చక్కెర చూసి మధుమేహం ఉందో లేదో తేల్చటం మాత్రం కుదరదు. గర్భంలో షుగర్‌ మామూలుగా ఉన్నా అది మూత్రంలో కనిపించవచ్చు.

తేలితే భయం వద్దు

మొదట రెండు వారాలు ఆహార నియమాలు చెబుతాం. పస్తులుండమని కాదు. అన్నం కొంత తగ్గించి పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర పెంచాలి. మూడు పూటల తిండిని ఐదారుసార్లుగా విడగొట్టుకోవాలి. సీమంతం రోజుల్లో చుట్టాలు తెచ్చే అరిసెలు, చలిమిడి ఇంట్లో మిగతావాళ్లు తినాలి. డాక్టరు సరేనంటే రోజూ అరగంట నడవాలి. రెండు వారాల తర్వాత కూడా తిన్న రెండు గంటలకు షుగర్‌ 120 లేదా అంతకు మించి ఉంటే మెట్‌ఫార్మిన్‌ గానీ ఇన్సులిన్‌ గానీ మొదలుపెడతాం. ‘ఇన్సులిన్‌ పట్టుకుంటే జీవితాంతం వదలదు’ అన్నది అపోహ. ఎక్కువమందికి కాన్పుతోనే దాని అవసరం తీరిపోతుంది.

ఇద్దరికీ ఒకే రోజు

ప్రభుత్వ యంత్రాంగం చేయదగ్గ పనులు రెండున్నాయి. కొత్తగా డబ్బేమీ అక్కర్లేదు. మొదటిది- పురిటికి పంపేముందు ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం కార్డులో రెండో పరీక్ష గడి చూసి, ఖాళీగా ఉంటే అక్కడే చేయించి పంపాలి. పుట్టిల్లు ఒడిశా సరిహద్దు దాటి బరంపురం వైపు ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. రెండోది- కాన్పయిన ఆరు వారాలకు తల్లికి మళ్లీ 75 గ్రాముల పరీక్ష చేయాలి. బిడ్డకు టీకాలు వేసే వారమూ అదే. బిడ్డను ఎత్తుకుని ఎలాగూ వస్తుంది. ఆ రోజే తల్లికీ పరీక్ష చేస్తే ఒక్క ప్రయాణంలో ఇద్దరి పనీ అయిపోతుంది. టీకా సంగతి ఎవరూ మరవరు. తల్లి షుగర్‌ సంగతే మరుస్తున్నాం.

ఇవి గుర్తుంచుకోండి

- 28 వారాలు దాటిపోయినా ఆలస్యమైందని ఊరుకోవద్దు. ఎనిమిదో నెలైనా, తొమ్మిదో నెలైనా వెంటనే చేయించుకోవాలి.
- గ్లూకోజ్‌ను గ్లాసున్నర నీళ్లలో కలిపి 5-10 నిమిషాల్లో తాగాలి. సరిగ్గా 75 గ్రాములే ఉండాలి. చెంచాల లెక్క వద్దు.
- అరగంటలోపు వాంతైతే మర్నాడు మళ్లీ చేయాలి. అరగంట దాటాక అయితే పరీక్ష కొనసాగించవచ్చు.
- ఆ రెండు గంటలూ ఏమీ తినకుండా కూర్చోవాలి. తిరగొద్దు.
- ఫలితం 200 లేదా అంతకు మించితే ఆ రోజే డాక్టరును కలవాలి.
- పుట్టింటికెళ్లే సంచిలో చీరల కంటే ముందు తల్లీబిడ్డల కార్డు పెట్టుకోండి.