‘లేదు’ వేరు... ‘ఇవ్వను’ వేరు!

ఏదైనా ఆఫీసుకి వెళ్లి పాత కాగితం నకలు కావాలని అడిగారనుకోండి. ‘ఆ ఫైలు మా దగ్గర లేదండీ’ అంటే ఇంకోచోట వెతుక్కుంటారు. ‘ఫైలుంది గానీ మీకు చూపించే వీల్లేదు’ అంటే అనుమతి ఎవరివ్వాలో కనుక్కుంటారు. ‘బీరువా ఉన్న గదికి తాళం వేసుంది’ అంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆరా తీస్తారు. ఏ జవాబు వచ్చినా ఆ పూటకి కాగితం చేతికి రాదు. కానీ తర్వాత చేయాల్సిన పని మాత్రం మూడు రకాలు. గుమాస్తా విసుక్కుని మూడింటికీ కలిపి ‘లేదు పొండి’ అన్నాడో... ఉన్న కాగితం పోయిందనుకుని కొత్తది పుట్టించే పనిలో పడతాం!

సి భాషలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే పిల్లలు తరచూ ఆ గుమాస్తా పనే చేస్తుంటారు. మీ ఇంట్లోనూ కంప్యూటర్ కోర్సు చదివేవాళ్లుంటే ఈ వారం పేజీ వాళ్ల చేతికివ్వండి.

కాపలాదారు మాట

డిస్కులో ఉన్న ఫైలుని సి ప్రోగ్రాము నేరుగా ముట్టుకోలేదు. లినక్స్ లాంటి వ్యవస్థల్లో కెర్నెల్ అనే కాపలాదారు ఉంటుంది. ‘ఫలానా ఫైలు తెరిచిపెట్టు’ అని దానికి విన్నవించుకోవాలి. ఆ విన్నపమే సిస్టమ్ కాల్. ఫైలు తెరవడానికి వాడే సిస్టమ్ కాల్ పేరు ‘ఓపెన్’. కెర్నెల్ సరేనంటే టోకెన్ లాగా ఒక చిన్న నంబరు ఇస్తుంది. కాదంటే -1 ఇస్తుంది. అక్కడితో ఊరుకోదు, ఎందుకు కాదందో ‘ఎర్‌నో’ అనే చోట ఒక అంకె రూపంలో రాసిపెడుతుంది. లినక్స్‌లో అక్కడ 2 కనిపిస్తే ఆ పేరుతో ఫైలు లేదని. 13 కనిపిస్తే అనుమతి లేదని. ఈ 13కి పెట్టిన పేరు ‘ఈయాక్సెస్’. ఇంగ్లిషు అక్షరాల్లో రాసేటప్పుడు చివర ఒక్క ‘ఎస్’ మాత్రమే ఉంటుంది. రెండు పెడితే ప్రోగ్రాము కంపైల్ కాదు!

ఎవరికి ఎంత హక్కు?

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యునిక్స్ పుట్టిన కాలంలో ఒకే కంప్యూటర్‌ని చాలామంది పంచుకునేవారు. ఒకరి ఫైలు మరొకరు చెరపకుండా కట్టుబాట్లు కావాల్సి వచ్చింది. లినక్స్ కూడా ఆ పద్ధతినే తీసుకుంది. ప్రతి ఫైలుకీ యజమాని, అతని బృందం, మిగతావాళ్లు అని మూడు వర్గాలు. చదివే హక్కుకి 4, రాసే హక్కుకి 2, నడిపించే హక్కుకి 1. ఒక ఫైలుకి 644 అని ఉంటే యజమాని చదవొచ్చు, రాయొచ్చు. మిగతా ఇద్దరూ చదవడం వరకే. పహాణీ లాగన్నమాట. చూడ్డానికి ఎవరైనా చూడొచ్చు, దిద్దే అధికారం మాత్రం అందరికీ ఉండదు.

ఇక్కడో తమాషా ఉంది. తాండూరు కందులకి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా. ఆ కందుల ధర రోజూ రాసిపెట్టే ప్రోగ్రాము మీ అమ్మాయి రాసిందనుకోండి. ధరలుండే ఫైలు పేరు ‘కంది’. అది ‘తాండూరు’ అనే డైరెక్టరీలో ఉంది. ‘తాండూరు’ వెళ్లి ‘వికారాబాద్’ అనే డైరెక్టరీలో ఉంది. ‘కంది’ని అందరూ చదవొచ్చని హక్కులిచ్చారు. అయినా ప్రోగ్రాముకి 13 వస్తోంది. ఎందుకు?

హైదరాబాద్ నుంచి రైల్లో తాండూరు వెళ్లాలంటే వికారాబాద్ దాటాలి. అక్కడే బండి ఆపేస్తే తాండూరు స్టేషన్ గేట్లు బార్లా తెరిచి ఉన్నా లాభమేంటి? ఇదీ అంతే. డైరెక్టరీ విషయంలో ఆ ‘1’ హక్కుకి అర్థం దాన్ని దాటి లోపలికి వెళ్లే హక్కు. దారిలో ఏ ఒక్క డైరెక్టరీకి అది లేకపోయినా కెర్నెల్ 13 అనే అంటుంది. కాబట్టి ఫైలు ఒక్కదాన్నే కాదు, దారి మొత్తాన్నీ చూడాలి.

అన్నీ 13లే కావు

వేరేవాళ్ల ఫైలు హక్కుల్ని మార్చబోతే వచ్చేది 1. ఆ పని చేయాల్సింది యజమాని, లేదా ‘రూట్’ అనే సర్వాధికారి. మీరు కాదని దానర్థం. మార్పులకి వీల్లేకుండా చదవడానికే అమర్చిన డిస్కు మీద రాయబోతే వచ్చేది 30. అక్కడ ఫైలు హక్కులెన్ని మార్చినా ఫలితం ఉండదు. ఇంకొకటి... ఫైలుని తీసేయాలంటే చూసేది ఆ ఫైలు హక్కుల్ని కాదు, అది ఉన్న డైరెక్టరీలో రాసే హక్కుని. రాయడానికి వీల్లేని ఫైలు కూడా మాయమైపోవడం వెనకున్న రహస్యం ఇదే.

ముప్పు ఎక్కడ?

మీ అమ్మాయి ప్రోగ్రాములో ‘ఓపెన్’ విఫలమైతే చాలు, ‘ఫైలు లేదు’ అని తెరమీద వచ్చేలా రాసిందనుకోండి. నిజానికి ఫైలుంది, వచ్చింది 13. ఆ మాట నమ్మిన ఇంకెవరో రూట్ అధికారంతో కూర్చుని, ‘లేదు కదా, కొత్తది చేద్దాం’ అని అదే పేరుతో రాయడానికి తెరుస్తారు. సి భాషలో ‘ఎఫ్‌ఓపెన్’కి ‘డబ్ల్యూ’ అని చెప్పి తెరిస్తే పాత సరుకంతా తుడిచిపెట్టుకుపోతుంది. రూట్‌కి 13 అడ్డు రాదు. నెలల తరబడి రాసుకున్న ధరలు ఒక్క క్షణంలో ఖాళీ! చేసిన తప్పల్లా ‘ఇవ్వను’ అన్నదాన్ని ‘లేదు’ అని చెప్పడమే.

రెండో తప్పు దీనికి పూర్తిగా ఎదురు. 13 రాగానే చాలామంది 777 అని కొట్టేస్తారు. ప్రోగ్రాము నడుస్తుంది, నిజమే. కానీ అది ఇంటి తాళం తెరుచుకోవడం లేదని తలుపే పీకి పక్కన పెట్టడం లాంటిది. ఆ కంప్యూటర్‌లో ఖాతా ఉన్న ఎవరైనా ధరలు దిద్దేయొచ్చు. అవే మార్కులో, ఆస్పత్రి వివరాలో అయితే? ఎవరికి ఏ హక్కు అవసరమో ఆలోచించి అంతే ఇవ్వాలి.

ముందుగా ‘యాక్సెస్’ అనే కాల్‌తో హక్కుందో లేదో చూసుకుని తర్వాత తెరిస్తే సరిపోదా అని కొందరి సందేహం. అధికారి సీట్లో ఉన్నారని ఫోన్‌లో కనుక్కుని తాండూరులో బయల్దేరితే, మీరు వికారాబాద్ చేరేలోపు ఆయన వెళ్లిపోవచ్చు. చూడటానికీ తెరవడానికీ మధ్య పరిస్థితి మారొచ్చు. నేరుగా తెరిచి, కాదంటే కారణం చదువుకోవడమే మేలు.

అందుకు ‘పీఎర్రర్’ అనే ఒక్క వరుస చాలు. కెర్నెల్ చెప్పిన కారణాన్ని మాటల్లో చూపిస్తుంది. కాకపోతే ‘ఓపెన్’ విఫలమైన వెంటనే రాయాలి. మధ్యలో ఇంకో కాల్ వస్తే ఎర్‌నోలో అంకె మారిపోవచ్చు.

ఈ ఆదివారం పిల్లలతో ఓ ప్రయోగం చేయించండి. మామూలు యూజర్‌గానే లాగిన్ అవ్వాలి, రూట్‌గా కాదు. ఒక డైరెక్టరీ, అందులో పనికిరాని ఫైలొకటి తయారుచేసి, ముందు ఫైలు హక్కులన్నీ తీసేసి తెరవమనండి. తర్వాత ఆ హక్కులు తిరిగిచ్చి, డైరెక్టరీ దాటే హక్కు తీసేయమనండి. రెండుసార్లూ 13 వస్తుంది. చివరికి డైరెక్టరీ హక్కు కూడా తిరిగిచ్చి, ఫైలునే చెరిపేసి తెరవమనండి. ఈసారి 2. కంప్యూటర్ ఎప్పుడూ కారణం చెప్పే కాదంటుంది. ఆ కారణాన్ని మార్చకుండా మనిషికి చేర్చే ప్రోగ్రామే మంచి ప్రోగ్రాము.