మన ఇంటి ముచ్చట: కీచురాళ్లు ఎవరికి వినపడ్డాయి?

ఎండాకాలం సెలవులంటే మన భివండీ ఇళ్లల్లో ఒకటే లెక్క. సిరిసిల్లకో నల్లగొండకో రైలెక్కాలి, రెండు పెళ్లిళ్లు, ఒక పోచమ్మ బోనం చూసుకొని స్కూళ్లు తెరిచేలోపు వాపసు రావాలి. పోయినన్ని రోజులు కూలి ఉండదు, పైన చీరలు, కట్నాలు వేరే. ఈసారి మా ఇంట్లో ఆ లెక్క పక్కన పెట్టాం. ఆడబిడ్డ పెళ్లి అప్పు ఇంకా తీరలేదు.

"ఊరికి పోకపోతే ఈ గల్లీలనే సాంచాల సప్పుడు ఇనుకుంట కూసోవాల్నా?" అని మా బిడ్డ అడిగింది. తొమ్మిదో తరగతి అయిపోయింది, అడిగితే జవాబు చెప్పేదాకా వదలదు. అందుకే ఊరి ఖర్చులో నాలుగో వంతు పెట్టి, మా ఆయన సెలవు రోజులు చూసుకొని, దగ్గర్లోనే మూడు ప్రయాణాలు చేశాం. మీలో కొందరికి పనికొస్తుందని రాస్తున్నా.

మొదటిది మాథేరాన్. కల్యాణ్‌లో కర్జత్ లోకల్ ఎక్కితే నేరళ్‌లో దిగాలి. అక్కడి నుంచి చిన్న రైలు కూడా ఉంది, 1907 నుంచి నడుస్తోంది. టికెట్టు దొరకడం కష్టం కాబట్టి మేం షేర్ జీపులో దస్తూరి నాకా దాకా పోయాం. ఆపైన మామూలు మోటారు బండ్లకు అనుమతి లేదు. కాలినడకన పోవచ్చు, గుర్రం మీదా పోవచ్చు. రొట్టెలు, ఉల్లిగడ్డ తొక్కు, నీళ్లు మూట కట్టుకొని పోతే మనలాంటోళ్లకు పెద్ద ఖర్చేమీ కాదు. కోతులతో మాత్రం జాగ్రత్త, సంచి చేతిలో ఉంటే గుంజుకుపోతాయి.

ఎర్రమట్టి బాట, రెండు పక్కల చెట్లు. బండ్ల మోత లేదు, సాంచాల మోత లేదు. మా ఆయన ముందు నడుస్తున్నాడు, బిడ్డ పది అడుగుల వెనక. దాని చున్నీ ముళ్లకంపకు తట్టుకొని "బాపూ, ఆగు" అని మూడుసార్లు పిలిచింది. ఆయన వెనక్కి తిరగలేదు. ఉరికిపోయి చెయ్యి పట్టుకొని, "కీచురాళ్ల మోతల నా మాట ఇనపడలేదా బాపూ?" అంది.

"ఏం మోత? ఈడ సప్పుడే లేదు గదా. అందుకే మంచిగున్నది," అన్నాడు ఆయన.

నేనూ పిల్లలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చెట్లన్నీ ఈలలు వేస్తున్నట్టు కీచురాళ్లు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. ఎకో పాయింట్ దగ్గర మా చిన్నోడు లోయలోకి కేక పెట్టాడు. కొండ తిరిగి పలికింది. "ఏమన్నది?" అని అడిగాడు వాళ్ల బాపు.

మన ఇళ్లల్లో అందరం గట్టిగానే మాట్లాడుకుంటాం. గోడ అవతల సాంచాలు నడుస్తుంటే మెల్లగా మాట్లాడేదెవరు? అందుకే ఎవరికి ఎంత వినపడుతోందో ఇంట్లో తెలియదు. నిశ్శబ్దంగా ఉండే చోటికి పోతేనే బయటపడుతుంది.

తిరిగొచ్చాక సర్కారు దవాఖానాలో చెవి పరీక్ష చేయించాం. డాక్టరమ్మ అరటిపండు వలిచినట్టు చెప్పింది. లోపలి చెవిలో సన్నని వెంట్రుకల్లాంటి కణాలు ఉంటాయట. ఏళ్ల తరబడి పెద్ద చప్పుడు తగిలితే అవి చచ్చిపోతాయి, మళ్లీ మొలవవు. ముందు పోయేది సన్నని శబ్దాలే: కీచురాళ్లు, పిట్టలు, ఆడపిల్లల గొంతు, ఫోను మోత. డోలు చప్పుడు, లారీ మోత బాగానే వినపడతాయి, అందుకే మనిషి తనకు చెవుడు రాలేదనుకుంటాడు. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవచ్చు అంది.

కారఖానాలో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు. సాంచాల షెడ్డులో మామూలుగా ఆ హద్దు దాటే ఉంటుంది, మా ఆయన పాళీ పన్నెండు గంటలది. మా మామకు డెబ్బై ఏళ్లు. ముంబయి మిల్లులో పనిచేసేవాడు, 1982 సమ్మె తరవాత ఇక్కడికొచ్చి సాంచాలు పట్టాడు. ఆయనకు వినపడదంటే గల్లీలో అందరూ వయసని అంటారు. ఆ వయసులో ఎన్నేళ్లు మగ్గం తిన్నదో ఎవరూ లెక్క కట్టరు.

మే నెలలో మన సమాజం హాల్లో పిల్లలకు పది రోజుల శిబిరం పెట్టారు. తెలుగు అక్షరాలు, కోలాటం, చిత్రలేఖనం. ఆఖరి రోజు తలా ఒక మాట చెప్పమంటే మా బిడ్డ లేచి, "మీ ఇంట్ల బాపు టీవీ ఎంత పెద్దగ పెడ్తడు?" అని అడిగింది. పిల్లలు ముందు నవ్వారు, తరవాత దాదాపు అందరూ చెయ్యి ఎత్తారు.

రెండో ప్రయాణం, మా ఆయన తోటి పనివాడి ఊళ్లో జాత్ర. శహాపూర్ వైపు చిన్న పల్లె. పల్లకీ, లేజిమ్, పొద్దుగూకాక కుస్తీలు. ఊరి ఆడవాళ్లు మాకు పూరణ్ పోళీ పెట్టారు, మన బక్ష్యాలే. డోలు మోగుతుంటే మా ఆయన మొహం వెలిగిపోయింది, అది ఆయనకు నిండుగా వినపడింది. స్పీకర్ల గోడ ముందుకు చిన్నోడు ఉరుకుతుంటే మాత్రం రెక్క పట్టి వెనక్కి లాగాడు. "నా తీరుగ కావొద్దు రా," అన్నాడు. అంతకు ముందు ఆయన నోట ఆ మాట నేను వినలేదు.

మూడోది రాజమాచి. లోనావాలా నుంచి పదిహేను కిలోమీటర్ల దాకా బాట. పైన శ్రీవర్ధన్, మనరంజన్ అని జంట కోటలు, వాటి కింద ఉధేవాడి పల్లె. అక్కడి ఇళ్లవాళ్లే పిఠ్లా, భాకరీ పెట్టి గుడారం అద్దెకిస్తారు. వానలకు ముందు మే చివర, జూన్ మొదట్లో చెట్లనిండా మిణుగురులు. టార్చి వేయకూడదు, వేస్తే వాటికి ఇబ్బంది. ఆ చీకట్లో మా నలుగురికీ ఒకటే కనపడింది. ఎవరికీ తక్కువ కాలేదు.

రాత్రి గుడారం ముందు బిడ్డ వాళ్ల బాపు ఎదురుగా కూర్చొని, కందిలి పక్కన పెట్టుకొని, మెల్లగా మాట్లాడింది. మొహం కనపడితే, పెదవులు కదలడం చూస్తే ఆయనకు మాట అందుతుంది. అరవాల్సిన పని లేదు. తను మొదటిసారి సాంచా పట్టిన రోజు గురించి ఆయన చాలాసేపు చెప్పాడు. పదహారేళ్లప్పుడట. బిడ్డకు ఇప్పుడు పదిహేను. "నేను పదో తరగతి అయినంక ఏం చదవాలె?" అని అది అడిగింది. పగలు పడుకొని రాత్రి పాళీకి పోయే మనిషికి ఈ ముచ్చట ఇంట్లో ఎన్నడు కుదురుతుంది?

ఇక చేయాల్సిన మాట. రాత్రి చెవుల్లో గుయ్యిమని మోగుతుంటే, ఒకటికి రెండుసార్లు "ఏందీ?" అంటుంటే, పిల్లల మాట కన్నా పెద్దవాళ్ల మాట తొందరగా అందుతుంటే పరీక్ష చేయించండి. చెవిలో దూది పెట్టుకుంటే లాభం ఉండదు. నొక్కి లోపల పెట్టుకునే స్పాంజి బిరడాలు మందుల దుకాణంలో అడగండి, పెద్ద ధర కాదు. మొదటి వారం చిరాకుగా ఉంటుంది, తరవాత అలవాటవుతుంది. మా ఆయన పెట్టుకుంటే షెడ్డులో నవ్వారు, ఇప్పుడు ఇంకో ఇద్దరు పెట్టుకుంటున్నారు. చప్పుడు వల్ల వచ్చే చెవుడు పనివల్ల వచ్చే జబ్బుల చట్టపు పట్టికలో ఉంది. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లు డాక్టరుకు ఏం పని, ఎన్నేళ్లు అన్నది చెప్పి రాయించుకోవాలి. కార్డు లేనివాళ్లు పరీక్ష కాగితం భద్రంగా దాచుకోండి, అడిగే రోజు వస్తే చేతిలో ఉండాలి.

పరీక్షకు పాళీ దిగి నేరుగా పోవద్దు. వారం సెలవు అయిన మర్నాడు పొద్దున, షెడ్డు మెట్లు ఎక్కకముందే పొండి. చెవులు రాత్రంతా ఊరికే ఉంటేనే లెక్క సరిగ్గా వస్తుంది.