జిప్సం బస్తాతోపాటు నీటి లెక్క కూడ కావలెను



కారుచౌడు భూమికి జిప్సం వేయవలెనని మీకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో హిల్గార్డు అను శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దము చివరి భాగముననే ఈ మాట చెప్పియుండెను. మన దేశములో 1969లో కర్నాల్‌లో వెలసిన కేంద్ర మృత్తికా లవణీయతా పరిశోధన సంస్థవారు పొలములలో దీనిని చేసి చూపిరి. అయినను “బస్తాలకు బస్తాలు చల్లితిమి, చౌడు చౌడుగానే ఉన్నది” అను మాట ప్రతి వేసవిలోను వినుచున్నాను. బస్తాల లెక్క చెప్పి, నీటి లెక్క చెప్పని మావంటి ఉద్యోగుల తప్పు ఇందులో కొంత కలదని నా అభిప్రాయము.

ఉద్యోగములో చేరిన తొలి ఏడు ఒక పెద్దాయనకు ఎకరాకు రెండు టన్నులు వేయుమని చెప్పి వచ్చితిని. ఆయన చెప్పినంతయు వేసి, ఒక్క తడి పెట్టి, జొన్న విత్తెను. నాలుగు నెలలకు పోయి చూడగా బెడ్డల నడుమ తెల్లని పొడి అట్లే ఉన్నది. “ఉప్పయితే ఈపాటికి కరిగిపోయేది గదండీ, ఆఫీసరు గారూ” అన్నారాయన. నేనింక ఏమి చెప్పగలను!

ఉప్పు లీటరు నీటిలో సుమారు 360 గ్రాములు కరగును. జిప్సం రెండున్నర గ్రాములు మాత్రమే. సున్నపురాయి పొడియైనచో స్వచ్ఛమైన నీటిలో పదిహేను మిల్లీగ్రాములును దాటదు. ఇప్పుడు మీ పొలమునకు లెక్క కట్టుడు. ఎకరాలో ఒక సెంటీమీటరు ఎత్తున నీరు నిలిపినచో 40 వేల లీటర్లు. అందులో కరగు జిప్సం 100 కిలోలు. రెండు టన్నులు కరుగుటకు 20 సెంటీమీటర్ల నీరు కావలెను. బంకమట్టి కాల్షియమును లాగుకొనుచున్న కొలది మరికొంత కరగును గాని, ఒక్క తడితో తీరు పని కాదు.

కరగుటకు ఈ హద్దు ఎందుకు? జిప్సం నీటిలో కాల్షియం, సల్ఫేటు అను రెండు అయానులుగా విడిపోవును. ఈ రెండింటి పరిమాణములను హెచ్చించగా వచ్చు లబ్ధము ఒక స్థాయిని మించరాదు. దీనిని ద్రావణీయతా లబ్ధమందురు. 1889లో నెర్న్‌స్ట్ తెలిపినది. ఒకటి పెరిగినచో రెండవది తగ్గవలసినదే. జిప్సం లబ్ధము సున్నపురాయి లబ్ధమునకు సుమారు ఎనిమిది వేల రెట్లు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. మీ బోరునీటిలో కార్బొనేటు, బైకార్బొనేటు అధికముగా ఉన్నచో, జిప్సం నుండి వచ్చిన కాల్షియం వాటితో కలిసి సున్నపురాయిగా గడ్డకట్టును. కంటికి జిప్సం కరిగినట్లే కనిపించును, కాని కాల్షియం మట్టిని చేరలేదు.

మరొక వింత కలదు. ఉప్పునీటిలో జిప్సం మంచినీటిలో కంటె ఎక్కువ కరగును. జాతరలో చుట్టును జనము మూగినప్పుడు, ఎదుటనున్న చుట్టము కూడ చేతికందడు గదా! అట్లే సోడియం, క్లోరైడు అయానులు చుట్టును చేరినప్పుడు కాల్షియం, సల్ఫేటు ఒకదానినొకటి పట్టుకొను శక్తి తగ్గును. లెక్కకు వచ్చునది ఉన్న అయానుల సంఖ్య కాదు, పనిచేయు అయానుల బలము. 1923లో డెబై, హ్యుకెల్ దీనికి సూత్రము కట్టిరి. అట్లని ఉప్పునీరు పెట్టుడని కాదు సుమా!

నల్లగొండ ప్రాంతపు ఫ్లోరైడు బాధకు కూడ ఇదియే ఒక కారణము. కాల్షియం ఉన్న నీటిలో ఫ్లోరైడు పెరుగుటకు హద్దు ఉండును. బైకార్బొనేటు కాల్షియమును సున్నముగా దింపివేసిన నీటిలో ఆ హద్దు సడలిపోవును.

కాబట్టి నీటి పరీక్ష లేనిదే జిప్సం మోతాదు చెప్పరాదని నేను గట్టిగా కోరుచున్నాను. 2015లో ఆరంభమైన భూసార పత్రములో మట్టికి సంబంధించిన 12 అంశములు ఉండును, బోరునీటి కార్బొనేటు ఉండదు. పరీక్షలకు కాలయాపనమగునని నా తోడి ఉద్యోగులు కొందరందురు. రెండు టన్నులు కొని, మోయించి, వృథా చేయుటకంటె ఒక సీసా నీరు పంపి పదిరోజులు ఆగుట నష్టమా?

పరీక్షలో శేష సోడియం కార్బొనేటు లీటరుకు 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల లోపు ఉన్నచో భయము లేదు. 2.5 మించినచో ఆ నీరు తగదని 1954 నాటి అమెరికా లవణ పరిశోధనశాలవారి నిర్ణయము. ఒక్కొక్క మిల్లీ ఈక్వివలెంటును విరుచుటకు, ఎకరాకు పెట్టు ప్రతి పది సెంటీమీటర్ల నీటికి 35 కిలోల శుద్ధమైన జిప్సం కావలెను. నీటిలో 4 ఉండి, ఏటా 100 సెంటీమీటర్లు పెట్టు రైతుకు, దానిని 2.5కు దింపుటకే 520 కిలోలు పోవును. ఇది మట్టికి వేయు మోతాదుకు అదనము. ఇట్టివారు బోరు వద్ద తొట్టి కట్టించి, జిప్సం గడ్డల మీదుగా నీరు పారించుట మేలు.

గ్రామాధికారులు ఒక సాయము చేయవలెను. ఏ బోరు నీరు సబ్బు నురుగువలె జారుచున్నదో, ఏ మడిలో తడి ఆరగానే నల్లని పొర కట్టుచున్నదో మీకు తెలిసినట్లు మాకు తెలియదు. ఆ బోర్ల నమూనాలు ముందు పంపించుడు. రైతులు మడిని చదును చేసి, గట్లు వేసి, జిప్సం పైపొరలో పది సెంటీమీటర్ల లోతున కలిపి, ఒకటి రెండు వారములు నీరు నిలిపి, ఆ నీటిని మురుగు కాలువలోనికి వదలవలెను. ప్రక్కవాని మడిలోనికి మాత్రము వదలరాదు. ఆ తరువాత జీలుగ గాని వరి గాని వేసికొనవచ్చును.