పరిగె ఏరిన పొలము



ఆదివారపు ఆరాధనలో సాక్ష్యము చెప్పమంటే లేచేవారెవరో మన సంఘాలలో అందరికీ తెలుసు. బస్సు బోల్తాపడినా ప్రాణాలతో బయటపడినవారు, డాక్టర్లు ఆశ వదులుకున్నాక లేచి తిరుగుచున్నవారు. వారు చెప్పవలసిందే, మేమును సంతోషముతో ఆలకిస్తాము. అయితే ఆ యేడు పంట మునిగిన రైతు, భర్తను సమాధిచేసి వచ్చిన తల్లి చాపమీద తలవంచుకొని కూర్చుంటారు. మా యింట దేవుడేమి చేశాడని చెప్పాలి అన్నది వారి బాధ. వారి నిమిత్తమే ఈ నెల రూతు గ్రంథము తెరుస్తున్నాము.

నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు. సముద్రము చీలలేదు, దేవదూత రాలేదు, ప్రవక్త కనబడడు. దేవుడు ఫలానా పని చేశాడని కథ చెప్పేవాడు తన మాటగా వ్రాసింది రెండే చోట్ల: 1వ అధ్యాయం 6వ వచనంలో తన ప్రజలకు ఆహారమిచ్చాడని, 4వ అధ్యాయం 13వ వచనంలో రూతుకు గర్భమిచ్చాడని. అన్నము, బిడ్డ. మన యిండ్లలో ఉండేవే.

ఈ రెంటి మధ్య జరిగినదంతా మనుష్యుల చేతులమీదుగానే. రూతు పరిగె ఏరుకోవడానికి వెళ్లింది. ఏ పొలమో ముందుగా తెలియదు. అనుకోకుండానే బోయజు భాగానికి చేరింది. దర్శనమేమీ కలుగలేదు. కాని ఆ చేలో పరిగె ఎందుకు మిగిలింది? చేను అంచులదాకా కోయవద్దు, రాలినది ఏరవద్దు, అది బీదలకు, పరదేశులకు విడువమని లేవీయకాండము 19వ అధ్యాయంలో దేవుడు ముందే ఆజ్ఞాపించాడు. ఆ యజమాని దానిని పాటించాడు. పైగా పనలలోనుండి కొన్ని కావాలనే పడవేయమని పనివారితో చెప్పాడు. వరికోతలయ్యాక పరిగె ఏరిన తల్లులకు ఆ పిడికెడు గింజల విలువ మేము చెప్పనక్కరలేదు. మిషనుతో కోయించే ఈ రోజుల్లో పొలముగల విశ్వాసులు ఆ అంచును ఏ రూపంగా విడిచిపెడుతున్నారో వారే ఆలోచించుకోవాలి.

ఇక నయోమి. మోయాబులో భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొన్నది. దేవుడే నన్ను శ్రమపెట్టాడు, వట్టి చేతులతో తిరిగివచ్చాను, ఇకమీదట నా పేరు మారా అని ఊరి స్త్రీలతో చెప్పుకొన్నది. వెంట వచ్చిన రూతు అక్కడే ఉంది. బేత్లెహేములో యవల కోత మొదలవుతోంది. దుఃఖంలో ఉన్నవారికి ప్రక్కనున్నది కనబడదు. అందుకు ఆమెను ఎవరూ గద్దించలేదు, గ్రంథమూ గద్దించదు. ఓదార్చడానికి వెళ్లే పాస్టర్లము, పెద్దలము దీనిని మరువకూడదు.

ఆ సాయంకాలం రూతు దుళ్లగొట్టిన యవలు దాదాపు తూమెడు. పొలములో తాను తినగా మిగిలిన పేలాలు కూడ అత్త చేతిలో పెట్టింది. ఈ వేళ ఎక్కడ ఏరుకొన్నావమ్మా అని నయోమి అడిగింది. బోయజు పేరు చెప్పగానే యెహోవా పేరట అతనిని దీవించింది. శ్రమపెట్టినవాడని ఊరివారితో చెప్పిన ఆ దేవుని పేరటనే. భర్త తిరిగి రాలేదు, కుమారులు రాలేదు. ఓబేదు ఇంకా పుట్టలేదు. ఎదుటనున్నవి యవలు, పేలాలు, వాటిని మోసుకొచ్చిన కోడలు.