డబ్బాలో గేమ్ ఉందా, తాళంచెవేనా?

సైబర్‌పంక్ 2077 విడుదలైంది 2020 డిసెంబర్ 10న. పాత పీఎస్4 మీద అది ఎంత ఘోరంగా నడిచిందో అప్పటి మీమ్‌లు చూసినవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. వారం తిరిగేసరికి సోనీ తన ప్లేస్టేషన్ స్టోర్‌లోంచి ఆ గేమ్‌ను తీసేసింది. అక్కడ కొన్నవాళ్లు అడిగితే డబ్బు వెనక్కి ఇస్తామంది. ఆరు నెలలు ఆగి, 2021 జూన్‌లో మళ్లీ అమ్మకానికి పెట్టింది.

ఆన్‌లైన్ స్టోర్‌లోంచి గేమ్ తీసేయడం పెద్ద పనేం కాదు. మరి అప్పటికే షాపుల అరల్లోకి చేరిపోయిన డబ్బాల సంగతేంటి? డబ్బు కట్టి వాటిని తెచ్చుకున్న చిన్న షాపువాళ్ల సంగతేంటి?

గేమ్ క్వాలిటీ గురించి మనం తెగ మాట్లాడుకుంటాం. ఫ్రేమ్ రేటు ఎంత, గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, బగ్స్ ఎన్ని అని గంటల కొద్దీ వీడియోలు చూస్తాం. ఆ క్వాలిటీ దెబ్బతిన్నప్పుడు నష్టం ఎవరి నెత్తిన పడుతోందో మాత్రం ఎవరం అడగం. ఈ వారం ఆ లెక్క చూద్దాం.

బగ్ ఒకరిది, నష్టం ఇంకొకరిది

మా ప్రగతి నగర్ సంగతే తీసుకోండి. కూకట్‌పల్లి జేఎన్‌టీయూ దాటి లోపలికొస్తే వచ్చే కాలనీ. పొద్దున్నే హైటెక్ సిటీకి, గచ్చిబౌలికి పరిగెత్తే నాలాంటి ఉద్యోగులు, ఇంజినీరింగ్ చదివే పిల్లలు, హాస్టళ్లు. కన్సోల్ కొనే జీతమున్నవాళ్లూ, కన్సోల్ కోసం కలలు కనేవాళ్లూ ఒకే వీధిలో ఉంటారు. చిన్న గేమ్ షాపుకి ఇంతకంటే మంచి చోటు ఉండదనిపిస్తుంది.

నేను వెళ్లే షాపు ఒక కర్రీ పాయింటుకీ మొబైల్ రిపేరు కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. కొత్త డిస్కులు తక్కువ, సెకండ్ హ్యాండ్‌వి ఎక్కువ. కంట్రోలర్ పాడైతే బాగుచేస్తారు. పాత గేమ్ ఇచ్చి పైన కొంత కడితే వేరే గేమ్ ఇస్తారు. వెనకాల రెండు టీవీలు పెట్టి గంటకింత అని ఆడిస్తారు.

“అన్నా, కొత్త గేమ్స్ తేవట్లేదేంటి?” అని మొన్నామధ్య అడిగాను.

“ఏం తేవాలె తమ్ముడూ? మొదటి వారం పోతే పోయినట్టు. లేకపోతే అది నా మెడకే” అన్నారు.

ఆయన మాటని అంకెల్లో పెట్టి చూద్దాం. ఇవి కేవలం ఉదాహరణ కోసం వేసుకున్నవే. కాపీ 4,500 రూపాయల చొప్పున అయిదు తెచ్చారనుకోండి. అమ్మే ధర 4,999. అంటే ఒక్కోదాని మీద మిగిలేది 499. విడుదలైన రోజు రెండు పోయాయి, 998 మిగిలింది. రాత్రికల్లా “గేమ్ అంతా బగ్సే” అంటూ రీల్స్ మొదలయ్యాయి. మూడు వారాలకి ఆన్‌లైన్ సేల్‌లో అదే గేమ్ 2,999. ఇక మిగతా మూడింటినీ ఆ ధరకే ఇవ్వాలి. ఒక్కోదాని మీద 1,501 చొప్పున పోయేది 4,503. మొదట మిగిలిన 998 తీసేసినా 3,505 రూపాయలు చేతి నుంచి పడ్డట్టే. షాపు అద్దె, కరెంటు బిల్లు ఇంకా లెక్కలోకే రాలేదు.

పెద్ద ఆన్‌లైన్ కంపెనీకి వేల సరుకుల్లో ఇదొకటి. ఒకచోట పోయింది ఇంకోచోట రాబట్టుకుంటుంది. చిన్న షాపుకి ఇంకోచోటు అనేదే ఉండదు.

రిఫండ్ దగ్గరా ఇదే కథ. స్టీమ్‌లో 2015 నుంచి ఒక పద్ధతుంది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపస్ అడగొచ్చు. షాపులో అలా కుదరదు. సీల్ తీసిన డబ్బా వెనక్కి తీసుకుంటే అది ఆ క్షణం నుంచే సెకండ్ హ్యాండ్ సరుకు. తీసుకోనంటే కస్టమర్ మళ్లీ ఆ మెట్లెక్కడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంకో ఉదాహరణ చూడండి. 2024 ఆగస్టు 23న సోనీ ‘కాంకార్డ్’ అనే గేమ్ విడుదల చేసింది. ఆడేవాళ్లు రాలేదు. సెప్టెంబర్ 6న సర్వర్లు మూసేశారు. పట్టుమని పదిహేను రోజులు కూడా నడవలేదు. తన సొంత స్టోర్‌లో కొన్నవాళ్లకి సోనీయే డబ్బు తిరిగిచ్చింది. బయట షాపుల్లో డిస్క్ కొన్నవాళ్లకి మాత్రం ఏం చెప్పిందంటే, మీరు కొన్న షాపువాళ్ల రిఫండ్ పద్ధతి చూసుకోండి అని. గేమ్ తయారు చేసిందీ వాళ్లే, మూసేసిందీ వాళ్లే. కస్టమర్ వచ్చి నిలబడేది మాత్రం షాపు కౌంటర్ ముందు.

ఒకసారి ముద్ర పడితే అంతే

ఎప్పుడూ ఇలాగే ఉందా అంటే, లేదు. 2006 చివర్లో వచ్చిన ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07 గుర్తుందా? మన తరంలో కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లో ఆ గేమ్ ఉండేది. ఐపీఎల్ జట్లు, కొత్త జెర్సీలు అభిమానులే తయారుచేసి అతికించుకుంటూ ఏళ్ల తరబడి దాన్ని బతికించుకున్నారు. దాంట్లోనూ తప్పులున్నాయి. కానీ సీడీలో ఉన్నది పూర్తి గేమ్. పెట్టగానే నడిచేది, నెట్ అడిగేది కాదు.

మన హైదరాబాద్‌కీ ఆ డిస్కుల కాలంలో ఒక పేజీ ఉంది. 2009లో పీఎస్2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే గేమ్ వచ్చింది. తయారు చేసింది హైదరాబాద్‌కి చెందిన అరోనా టెక్నాలజీస్, మార్కెట్లోకి తెచ్చింది సోనీ. పూర్తిగా మన దేశంలోనే తయారైన తొలి కన్సోల్ గేమ్‌గా దానికి పేరు. అదే ఏడాది ఇక్కడి గేమ్‌శాస్త్ర కంపెనీ ‘దేశీ అడ్డా’ చేసింది. కబడ్డీ, గిల్లీదండా, గాలిపటాల్లాంటి మన ఆటలన్నీ ఒక డిస్కులో పెట్టింది.

హనుమాన్ గేమ్‌కి విమర్శకుల దగ్గర మంచి మార్కులు పడలేదు. పీఎస్2 రోజుల్లో తర్వాత ప్యాచ్ పంపి సరిదిద్దే ఏర్పాటు మామూలుగా ఉండేది కాదు. డిస్క్ మీద ఒకసారి ముద్ర పడిందంటే బాగున్నా బాగోకపోయినా అదే చివరి మాట. తయారు చేసేవాళ్లకి అది భయం. షాపువాళ్లకి మాత్రం అదే ధైర్యం. ఒకసారి ఆడి చూస్తే గేమ్ సంగతి తెలిసిపోయేది. “ఇది తీసుకో, అది వద్దు” అని షాపాయన చెప్పిన మాట ఏడాది తర్వాత కూడా నిజమే.

ఆ కాలం అంతా బంగారం అనను. అప్పట్లో బజార్లో తిరిగిన సీడీల్లో నకలు సరుకు బోలెడు. అసలు డిస్క్ అమ్మేవాడు వాటి ధరతో పోటీ పడలేక నలిగిపోయాడు. కానీ అప్పటి షాపువాడికి తన చేతిలో ఉన్న సరుకేంటో తెలుసు. ఇప్పుడు తెలియదు. అదీ తేడా.

ఎందుకంటే ఇవాళ పనికిరాదన్న గేమ్ మూడేళ్లకి అద్భుతం కావచ్చు. 2016లో తిట్లు తిన్న ‘నో మ్యాన్స్ స్కై’ అప్‌డేట్ల మీద అప్‌డేట్లతో నిలబడింది. సైబర్‌పంక్ కూడా 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 2.0 అప్‌డేట్‌తో పోయిన పరువు తెచ్చుకుంది. మనం చప్పట్లు కొట్టాం, కొట్టాల్సిందే. కానీ మొదటి నెలలోనే సగం ధరకి వదిలించుకున్న షాపుకి ఏ అప్‌డేట్ ఆ డబ్బు తెచ్చిపెడుతుంది?

రిలీజ్ డేటే దేవుడు

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ రోగం కొత్త కాదు. రిలీజ్ డేట్ ముందే ఖరారవుతుంది. పని పెరుగుతుంది, డేట్ మాత్రం కదలదు. అప్పుడు కోత పడేది టెస్టింగ్ రోజులకే. టెస్టర్ రాసిన బగ్ పక్కన “తెలిసిన సమస్య, తర్వాత చూద్దాం” అని ఒక మాట చేరుతుంది. నెట్ ఉంది కదా, హాట్‌ఫిక్స్ పంపితే సరిపోతుంది అనే ధీమా.

మన ఐటీ కారిడార్‌లోనే గేమ్ టెస్టింగ్ చేసేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఈఏ హైదరాబాద్ ఆఫీసులో కూడా ఆ పని జరుగుతుంది. రోజంతా ఒకే గోడని వంద వైపుల నుంచి గుద్ది చూసే ఉద్యోగం అది. కాబట్టి బగ్స్ చూసిన ప్రతిసారీ “టెస్టర్లు నిద్రపోయారా?” అని కామెంట్ పెట్టకండి. చాలాసార్లు బగ్ కనిపెట్టేవారు ఒకరు, అది ఉన్నా ఫర్వాలేదని నిర్ణయించేవారు ఇంకొకరు. సైబర్‌పంక్ విషయంలో కూడా 2021 జనవరిలో సీడీ ప్రొజెక్ట్ సహ వ్యవస్థాపకుడు మార్చిన్ ఇవిన్‌స్కీ వీడియోలో క్షమాపణ చెబుతూ, తప్పు యాజమాన్యానిదే తప్ప పనిచేసినవాళ్లది కాదన్నారు.

మా పనిలో అయితే తప్పు వెర్షన్ వెళ్తే వెనక్కి తీసుకోవచ్చు. దాన్ని రోల్‌బ్యాక్ అంటాం. షాపు అరలో ఉన్న డబ్బాకి రోల్‌బ్యాక్ లేదు.

డబ్బా నిండా గాలి

ఇదొక ఎత్తయితే, అసలు డబ్బాలో గేమే లేకపోవడం ఇంకో ఎత్తు. 2025 మేలో వచ్చిన ‘డూమ్: ది డార్క్ ఏజెస్’ డిస్క్ తీసుకోండి. అందులో ఉన్నది దాదాపు 85 ఎంబీ. మీ ఫోన్‌లో తీసే ఒకట్రెండు నిమిషాల వీడియో పాటి! మిగతాదంతా నెట్ నుంచి దించుకోవాలి. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ డిస్క్‌దీ ఇదే తంతు. 2025 జూన్‌లో నింటెండో స్విచ్ 2తో పాటు గేమ్-కీ కార్డులు వచ్చాయి. కార్డులో గేమ్ ఉండదు, డౌన్‌లోడ్‌కి తాళంచెవి మాత్రం ఉంటుంది. ‘అలన్ వేక్ 2’ అయితే 2023లో డబ్బా లేకుండా డిజిటల్‌గానే వచ్చి, ఏడాది తర్వాత డిస్క్ రూపం ఎత్తింది. డిస్క్ పెట్టే చోటే లేని పీఎస్5లు కూడా ఇళ్లలోకి వచ్చేశాయి.

హాస్టల్ వైఫైలో వంద జీబీ దించుకోవడం ఎంత నరకమో నేను చెప్పక్కర్లేదు. అసలు దెబ్బ అది కాదు. డిజిటల్‌గా కొన్న గేమ్‌ను మీరు అమ్ముకోలేరు. చిన్న షాపు బతికేదేమో ఆ పాత డిస్కుల కొనుగోళ్లు, అమ్మకాల మీదే. ఒక విద్యార్థి ఆడేసిన గేమ్ ఇచ్చి ఇంకోటి తీసుకుంటాడు. ఆ డిస్క్ ఇంకో కుర్రాడికి తక్కువకి దొరుకుతుంది. ఈ చక్రం ఆగితే అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

దీనిమీద ఒకసారి గేమర్లే గెలిచారు. 2013లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌లో పాత గేమ్స్ చేతులు మారకుండా ఆంక్షలు పెట్టబోయింది. జనం మండిపడ్డారు. సోనీ అయితే ఒక చిన్న వీడియోలో పీఎస్4 గేమ్ ఎలా షేర్ చేసుకోవాలో చూపించింది. ఒకతను డిస్క్ ఇంకొకతని చేతిలో పెడతాడు, అంతే. ఆ జూన్‌లోనే మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది. పన్నెండేళ్లు తిరిగేసరికి అదే ఆంక్ష ఎవరూ గొడవ చేయకుండానే డౌన్‌లోడ్ రూపంలో వచ్చేసింది.

జాలి వద్దు, లెక్క చాలు

“పాపం చిన్న షాపు, అక్కడే కొనండి” అని నేను చెప్పను. ఆన్‌లైన్ సేల్‌లో సగానికి దొరికేదాన్ని ఎక్కువ పెట్టి కొనమనే హక్కు ఎవరికీ లేదు. నేనూ స్టీమ్ సేల్ కోసం కాచుకుని కూర్చునేవాడినే. కానీ మీ జేబు కోసమే కొన్ని అలవాట్లు చేసుకోవచ్చు.

విడుదలకి ముందే డబ్బు కట్టకండి. రెండు వారాలు ఆగండి. ట్రైలర్ చూపించేది ఒకటి, మీ కన్సోల్‌లో నడిచేది ఇంకొకటి.

డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి. డౌన్‌లోడ్ తప్పనిసరి అని ఉందేమో చూడండి. “అన్నా, గేమ్ డిస్కులోనే ఉందా?” అని అడగండి. తెలిసిన షాపాయన నిజం చెబుతారు, ఎందుకంటే రేపు మీరు మళ్లీ ఆ వీధిలోనే నడుస్తారు.

అయిదు వేలు పెట్టే ముందు గంట అద్దెకి ఆడి చూడండి. అది ఏ రివ్యూ ఇవ్వలేని రుజువు.

బిల్లు తీసుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. కాకపోతే ఇక్కడా ముందుగా నిలదీసేది షాపువాడినే. అందుకే పబ్లిషర్లని మనం అడగాల్సింది ఒకటుంది. మీ సొంత స్టోర్‌లో కొన్నవాడికి డబ్బు తిరిగిచ్చే రోజున, షాపులో మిగిలిన డబ్బాలని కూడా అదే ధరకి వెనక్కి తీసుకోండి. తప్పు మీదైనప్పుడు నష్టం కూడా మీదే కావాలి.

ఇక మనం మార్చుకోవాల్సింది కూడా ఒకటుంది. జీటీఏ 6 మొదట 2025 అన్నారు, తర్వాత 2026 మే అన్నారు, ఆ తర్వాత నవంబర్ 19 అన్నారు. ప్రతిసారీ సోషల్ మీడియా తిట్లతో నిండిపోయింది. గేమ్ ఆలస్యమైతే మనకి పోయేది కొన్ని నెలల ఓపిక. ఉడకకుండా వడ్డిస్తే మనకి అయిదు వేలు, వీధి చివర షాపుకి ఒక నెల సంపాదన పోతాయి. ఈసారి ఏదైనా గేమ్ వాయిదా పడిందని వార్త వస్తే, తిట్టేముందు ఈ లెక్క ఒక్కసారి వేసుకోండి.