ఆట మధ్యలో ఆడపిల్లనే ఎందుకు లేపుతాం?

ఈ వేసవిలో నేనొక తప్పు చేశాను. మీ ఇళ్ళలోనూ జరిగే తప్పే కాబట్టి సిగ్గు పడకుండా రాస్తున్నా.

మా అబ్బాయి నంద్యాలలో, మా చెల్లెలి కూతురు ఆళ్లగడ్డలో. సాయంత్రమైతే ఇద్దరూ కంప్యూటర్ల ముందు కూర్చుని వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో అరీనా ఆడతారు. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. 2007 నుంచీ ఉన్న పోటీ. మావాడు వారియర్, కొట్టేవాడు. పిల్ల ప్రీస్ట్, వాడికి తగిలిన దెబ్బలు మాన్పేది. గెలిస్తే రేటింగ్ పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. మధ్యలో ఆపే బటన్ ఉండదు. ఒకరు లేచిపోతే రెండోవాళ్ళు ఒంటరిగా ఇద్దరి చేతిలో తన్నులు తినాల్సిందే.

"పిన్ని వాళ్ళింట్లో చెల్లిని ఊరికే పిలుస్తారమ్మా, అందుకే ఓడిపోతున్నాం" అని వాడు ఎన్నిసార్లు చెప్పినా నేను పట్టించుకోలేదు.

మొన్న ఆళ్లగడ్డ వెళ్ళాను. పిల్ల ఆడుతోంది. మా మరిది ఫ్రిజ్ పక్కనే కూర్చుని ఐపీఎల్ చూస్తున్నాడు. నేనేమో లోపలి గదిలోకి కేకేశాను, "అమ్మాయ్, మంచినీళ్ళు తేమ్మా" అని. అది మారు మాట్లాడకుండా హెడ్‌ఫోన్స్ తీసి లేచింది. తిరిగి వెళ్ళేసరికి మ్యాచ్ పోయింది. "పెద్దమ్మ పిలిచిందన్నా. నువ్వు ఇంకెవరినైనా చూసుకో, నాతో కుదరదు" అనడం నా చెవులారా విన్నాను.

నా కొడుకుని ఆట మధ్యలో నేనెప్పుడూ లేపలేదు. కంచం వాడి దగ్గరికే తీసుకెళ్ళాను. ఆట ఒకటే, జట్టు ఒకటే. మరి లేవాల్సింది ఆ పిల్లే ఎందుకైంది?

చదువు పాడవుతుందంటారా? అయితే ఇద్దరికీ ఒకే టైం పెట్టండి. ఇది జూదమంటారా? పందెం కాసే రమ్మీకీ దీనికీ పోలికే లేదు. 2025లో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది.

ఇక మా చెల్లెలు అన్న మాట: "రేపు అత్తారింట్లో పిలిస్తే లేవద్దా అక్కా? ఇప్పట్నుంచే అలవాటు కావాలి." మనకూ అలాగే అలవాటు చేశారు కదమ్మా! పెళ్ళై ఇన్నేళ్ళైనా అన్నం ముందు కూర్చుని మూడుసార్లు లేవకుండా తిన్నది మనలో ఎంతమంది? ఆ అలవాటు వల్ల మనకి ఒరిగిందేమిటో చెప్పండి, అప్పుడు పిల్లకి నేర్పుదాం.

"నీ కొడుకు గెలవాలని మాట్లాడుతున్నావు" అని కూడా అంది. వాడికి ఇంకో జోడీ రేపే దొరుకుతుంది. ఆ పిల్ల మాత్రం, తన పనికి విలువ లేదని, ఎవరు పిలిచినా వదిలేయాల్సిందేనని పదిహేనేళ్ళకే నమ్మేసింది. నా బాధ అది.

ఇందులో మగవాళ్ళని తిట్టి లాభం లేదు. పిలిచింది నేను, సమర్థించింది మా చెల్లెలు. అరీనా మ్యాచ్ మామూలుగా కొన్ని నిమిషాల్లో తేలిపోతుంది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే మనం లేద్దాం, లేదా ఐపీఎల్ చూసేవాళ్ళని లేపుదాం. పిల్లని మాత్రం "అయ్యిందామ్మా?" అని అడిగి పిలుద్దాం.

నేను దానికి ఫోన్ చేసి తప్పయిందని చెప్పాను. "పర్లేదు పెద్దమ్మా, అలవాటే" అంది.